హర్మీనా పుట్టినరోజు

"ఎవరీ హర్మీనా?"

మావైపు ప్రతి ఇంట్లో టాయిలెట్ గోడకు ఉండే, అయినవాళ్ళ పుట్టినరోజులు రాసుకునే క్యాలెండరును మేకుతో సహా పీకి, చేతిలో పట్టుకుని నడవాలో నిలబడింది నింకె.

ఆలీదా మెట్ల దగ్గర ఆగిపోయింది. ఆమె పిన్నీసుల కోసం కిందికి వచ్చింది. పైన పడగ్గదిలో మొగుడు హర్మెన్ సగం కట్టిన గౌనుతో మంచం అంచున కూర్చుని ఆ పిన్నీసుల కోసమే ఎదురుచూస్తున్నాడు. తండ్రికి జనవరిలో గుండె ఆపరేషన్ అయితే ఇప్పటికి సెలవు దొరికి వచ్చి, తొమ్మిది రోజులుగా సేవ చేస్తున్న కూతురికి ఆ గౌను సంగతి తెలియదు.

"ఇన్నాళ్ళూ గమనించనే లేదు. మార్చి పన్నెండు. అంటే ఇవాళే. హర్మీనా. నీ దస్తూరీయేనమ్మా ఇది."

"నాదే."

"మన చుట్టాల్లో హర్మీనా ఎవరూ లేరు. నాన్న పేరుకి ఆడపేరు. నాన్నకి ఎక్కడో ఇంకో కూతురుందా? పోనీ ఇంకో..."

"ఛ, నోర్మూసుకో. ఈ వయసులో మీ నాన్నకి ఇంకో ఆడదా?"

"మరి ఎవరు?"

ఏళ్ళ తరబడి దాచిన మాటను నడవాలో నిలబడి, గుప్పెట్లో పిన్నీసులు పట్టుకుని చెప్పడం ఎవరివల్ల అవుతుంది? ఇంతలో వీధి గంట మోగింది.

తలుపు తీస్తే పక్కింటి బూమ్‌స్ట్రా గారు. ఒక చేతిలో ట్యులిప్ పూలు, ఇంకో చేతిలో గులాబీరంగు పంచదార పూత పోసిన కేకు.

"శుభాకాంక్షలు ఆలీదా, నీ ఆడపడుచు పుట్టినరోజుకి! నింకె, నీక్కూడా శుభాకాంక్షలమ్మా, మీ మేనత్త పుట్టినరోజుకి!"

మా హార్లింగెన్ రేవుపట్నంలో పుట్టినరోజు ఒక్కరికే చెందదు. ఇంట్లో ఉన్న ప్రతివాళ్ళ చెయ్యీ పట్టుకుని శుభాకాంక్షలు చెప్పి తీరాలి. కుక్క ఉంటే దానికీ చెప్పేవాళ్ళను చూశాను. బూమ్‌స్ట్రా గారు అలాంటి మర్యాదల్లో ఒక్క పిసరు కూడా తగ్గే మనిషి కాదు.

"ఎవరు చెప్పారు మీకు?" అంది ఆలీదా.

"ఎవరు చెప్పాలి? జనవరిలో నిన్ను పలకరించడానికి వచ్చి మీ టాయిలెట్‌కి వెళ్ళానుగా. గోడమీద చూశాను. హర్మెన్‌కి తాత పేరు పెట్టారు. చెల్లెలికీ ఆ పేరే తిప్పి పెట్టుంటారనుకున్నాను. మా ఇంట్లోనూ అంతే, నేనూ మా అక్కా ఇద్దరమూ ఒకే తాత పేరు మోస్తున్నాం. అయినా ఇన్నేళ్ళూ ఆవిడ ఊసే ఎత్తలేదేం? గొడవలేమైనా ఉన్నాయా? పోన్లే, చెప్పక్కర్లేదు. చావు అంచుదాకా వెళ్ళొచ్చాక తోబుట్టువు గుర్తొస్తుంది ఎవరికైనా."

"బూమ్‌స్ట్రా గారూ..."

"మంగళవారం నీ చేతిలో బట్టలకొట్టు సంచి చూసినప్పుడే అర్థమైంది నాకు, ఆవిడ కోసమేనని. బాగా పొడుగరి అటగా? సైజు సంగతి కొట్లో అమ్మాయి చెప్పిందిలే. ఇందాక మీ మేడమీది కిటికీలో కనిపించింది కూడా. నీలం గౌను. వెనకనుంచే చూశాననుకో, అచ్చం హర్మెన్ భుజాలే!"

నింకె మెట్లవైపు చూసింది. తర్వాత తల్లివైపు చూసింది.

"పైన ఎవరున్నారమ్మా?"

ఆలీదా ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. పైన ఎవరూ లేరని అనడం ఎంతసేపు? కానీ ఆమెకు ఆ నిమిషాన అబద్ధమంటేనే ప్రాణం విసిగింది.

"పైనే ఉంది. ముస్తాబవుతోంది," అంది.

"అవనీ, అవనీ. మేం మూడింటికి వస్తాం."

"మేం అంటే?"

"నేనూ, మూలింటి ఫొకెమా దంపతులూ. పడవలకి ఎత్తే వంతెన దగ్గర, హర్మెన్‌తో పనిచేసిన గెర్బెన్ కనిపిస్తే అతనికీ చెప్పాను. డ్యూటీ దిగి ఆలస్యంగా వస్తానన్నాడు. హర్మెన్‌కి చెల్లెలుందా, ఇరవయ్యారేళ్ళు ఒకే వంతెన గదిలో కూర్చున్నాం, ఒక్కసారైనా చెప్పలేదు వెధవ, అని నొచ్చుకున్నాడు పాపం."

కేకు ఆలీదా చేతిలో పెట్టి బూమ్‌స్ట్రా గారు వెళ్ళిపోయింది. తలుపు మూసుకునేలోపే నింకె మెట్లు ఎక్కేసింది.

*

కింద జరిగిందంతా హర్మెన్‌కు వినిపించింది. ఆ ఇంటి చెక్క మెట్లలోంచి గుసగుస కూడా పైకి పాకుతుంది. బూమ్‌స్ట్రా గారి గొంతైతే చెప్పనే అక్కర్లేదు.

దాక్కునే దారి లేదు. రొమ్ము ఎముకను రెండుగా కోసి తీగలతో కుట్టారు కదా, మూడు నెలలు చేతులు భుజాలకంటే పైకి ఎత్తకూడదు, వెనక్కి తిప్పకూడదు, దేనిమీదా చేతులు ఆన్చి లేవకూడదు. గబుక్కున గౌను విప్పేయడం అతనివల్ల అయ్యే పని కాదు. కట్టుకోవడమే ఒకరివల్ల కాలేదు. ముందువైపు ఒక అంచు మీద ఇంకో అంచు మడిచి నడుం పక్కన ముడివేసుకునే గౌను అది. వెనక గుండీలు లేనిదే కావాలని ఆలీదా వెతికి వెతికి కొనుక్కొచ్చింది.

తలుపు తెరుచుకుంది.

నింకె అడుగు లోపలికి పెట్టి అక్కడే ఆగిపోయింది. నీలం గౌను, దానిమీద తెల్ల చుక్కలు. మెడ దగ్గర ఇంకా ఎర్రగా ఉన్న కోత గీత. కాళ్ళకు ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన బిగుతు మేజోళ్ళు. పెదవులకు లేత రంగు. పక్కకు దువ్విన తండ్రి నెరిసిన జుట్టు.

హర్మెన్ లేవబోయాడు. రెండు చేతులూ గుండెమీద కట్టుకుని, ముందుకీ వెనక్కీ ఊగి, ఆ ఊపుతో లేవాలని అతనికి నేర్పారు. ఊగాడు. తొమ్మిది రోజుల అలవాటు కొద్దీ నింకె నోటినుంచి "ఒకటి, రెండు, మూడు" అని లెక్క వచ్చేసింది. మూడుకి అతను లేచి నిలబడ్డాడు. ఆ లెక్క తన నోటినుంచే వచ్చినందుకు ఆమెకు ఇంకా కోపం వచ్చింది.

"కూర్చో నాన్నా. డాక్టరుకి ఫోన్ చేస్తాను. గుండె ఆపరేషన్ల తర్వాత కొంతమందికి కొన్నాళ్ళు మతి సరిగ్గా ఉండదట."

"నా మతి బాగానే ఉంది. ఇది ఆపరేషన్‌తో వచ్చింది కాదు. ఆపరేషన్‌కి ముందు మానేసి, మళ్ళీ మొదలుపెట్టాను."

"మళ్ళీనా? ఎప్పటినుంచి ఇది?"

"నువ్వు పుట్టకముందునుంచే."

"అంటే నువ్వు... ఆడదానివి అవ్వాలనుకుంటున్నావా?"

"లేదమ్మా. నేను మీ నాన్ననే. వంతెన ఎత్తినవాణ్ణే. వారానికోసారి ఇలా ఉంటే నాకు హాయిగా ఉంటుంది. అంతకుమించి చెప్పమంటే నాకు చెప్పడం రాదు."

"వారానికోసారి," అంది నింకె. ఆ మాటను ఆమె నోట్లోనే రెండుసార్లు తిప్పుకుంది. తర్వాత ముఖం మారిపోయింది. "గురువారాలు!"

వెనకే వచ్చిన ఆలీదా గుమ్మంలో నిలబడింది.

మా వీధిలో పగటిపూట కిటికీలకు కర్టెన్లు వేసే ఇళ్ళు రెండే రకాలు. ఒకటి చావు జరిగిన ఇల్లు. రెండోది గురువారం మధ్యాహ్నం ఆలీదా ఇల్లు. ఆలీదాకు గురువారాలు తలనొప్పి వస్తుందని, వెలుతురు చూడలేదని వీధి వీధంతా నమ్మింది. జాలిపడింది కూడా.

"గురువారం బడినుంచి నేరుగా ఈతకి పంపేవాళ్ళు నన్ను. ఈత అయ్యాక అమ్మమ్మ ఇంటికి. అమ్మకి తలనొప్పి, ఇంటికి రాకు అని. ప్రతి గురువారం!" నింకె తండ్రివైపు తిరిగింది. "నాన్నా, అప్పుడు నాకు ఏడేళ్ళు. అమ్మ తలలో ఏదో ఉందని, చచ్చిపోతుందని అనుకునేదాన్ని. ఈతకొలనులో ఏడిస్తే ఎవరికీ తెలీదుగా, అక్కడ ఏడ్చేదాన్ని. మీరు ఇక్కడ కర్టెన్లు వేసుకుని గౌన్లు కట్టుకుంటున్నారు!"

హర్మెన్ మంచంమీద కూర్చుండిపోయాడు. అతనికి ఆ సంగతి తెలియదు. ఆలీదాకూ తెలియదు. కూతురికి ఈతంటే ఇష్టమని ఇద్దరూ మురిసిపోయేవాళ్ళు.

"నింకె..."

"నన్ను తాకకు."

"తాకను. విను. నిన్ను బాధపెట్టకూడదనే దాచాను. దాచడంతోనే బాధపెట్టాను. అది నా తప్పు. గౌను నా తప్పు కాదు, అది నేను ఒప్పుకోను. కానీ నువ్వు ఏడ్చిన గురువారాలన్నీ నా తప్పే."

నింకె కిటికీవైపు తిరిగి ముక్కు తుడుచుకుంది. తర్వాత తల్లిమీదికి తిరిగింది.

"నువ్వెలా ఒప్పుకున్నావమ్మా? ఇన్నేళ్ళు తలనొప్పి నటిస్తూ!"

"ఒప్పుకోవడం అంటే ఏమిటో అనుకుంటున్నావు," అంది ఆలీదా. "ఇతను ఈ గదిలో తలుపేసుకునేవాడు. నేను కింద అల్లికపని పట్టుకుని కూర్చునేదాన్ని. ఇన్నేళ్ళలో ఒక్క గుండీ కూడా నా చేత్తో పెట్టలేదు. ఆపరేషన్‌కి ముందు వారం ఇతను అన్నీ మూడు సంచుల్లో కుక్కి, పక్కూళ్ళో పాతబట్టలు దానమిచ్చే డబ్బాలో పడేసి వచ్చాడు. టేబుల్ మీద ప్రాణం పోతే నువ్వొచ్చి బీరువా తెరుస్తావని భయం. ఆ రోజు నేనేం చేశానో తెలుసా? కేకు కొనుక్కుని ఒక్కదాన్నే కూర్చుని తిన్నాను. పీడ విరగడైందని."

హర్మెన్ తలెత్తి చూశాడు. ఈ మాట అతనికీ కొత్తదే.

"తిన్నావా?"

"తిన్నాను. పెద్ద ముక్క. ఇప్పుడు తిట్టుకో." ఆలీదా మంచంమీద అతని పక్కన కూర్చుంది. "తర్వాత నువ్వు ఇంటికొచ్చావు. ఒట్టి శరీరమే వచ్చింది. డాక్టరు పది నిమిషాలు నడవమంటే కుర్చీ దిగేవాడివి కాదు. సూపు పెడితే చల్లారిపోయేది. మనిషి బతికాడు గానీ ఎవరికోసం బతికాడో అర్థం కాలేదు నాకు. నెల్నాళ్ళ తర్వాత ఒకరోజు మేజోళ్ళు తొడుగుతుంటే మొదటిసారి నవ్వావు. గుర్తుందా?"

"గుర్తుంది."

"ఎందుకు నవ్వాడో తెలుసా నింకె? రక్తనాళం తీయడానికి ఆసుపత్రివాళ్ళు ఒక కాలు మాత్రమే నున్నగా గొరిగారు. వేసవిలో పడవెక్కితే ఎవరైనా చూస్తారని ఈయన జన్మలో గొరుక్కోలేదు. గవర్నమెంటువాళ్ళు ఒంటికాలికి చేసిపెట్టారు, రెండోదానికి అర్జీ పెట్టాలేమో అన్నాడు. నవ్వుతుంటే గుండె నొప్పెట్టి ఏడ్చాడు కూడా. ఆ మర్నాడు పది నిమిషాలు నడిచాడు. మంగళవారం నేను వెళ్ళి గౌను కొన్నాను."

"చెప్పకుండా కొంది," అన్నాడు హర్మెన్. "పొద్దున మంచంమీద పెట్టి, చేతులు ఎత్తకు నేను కడతానంది. జుట్టు కూడా తనే దువ్వింది. నాకింకేం కావాలి?"

నింకె ఆ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆమె రాయి కాదు. కానీ మూడు గంటలకు వీధి వీధంతా వచ్చి కూర్చోబోతోంది.

"సరే. మీ ఇద్దరి మధ్యా ఏముంటే అది ఉండనీ. కర్టెన్లు వేసుకోండి, నాకనవసరం. కానీ కిందికి వద్దు నాన్నా. మేనత్తకి హఠాత్తుగా ఒంట్లో బాగాలేదని నేను చెప్తాను. రైలెక్కి వెళ్ళిపోయిందని చెప్తాను. గెర్బెన్ వస్తున్నాడు. వాళ్ళంతా నవ్వుతారు. రేపు పొద్దుటికి రేవు మొత్తం నవ్వుతుంది. నువ్విప్పుడు దాన్ని తట్టుకోలేవు."

"నా గుండెని ఆపేసి, బాగుచేసి, మళ్ళీ కొట్టించారు నింకె. ఎంతసేపు ఆగిందో తెలుసా? గంటా ఇరవై నిమిషాలు. అది మళ్ళీ మొదలైంది లేనిపోని మేనత్తని రైలెక్కించడానికా?"

"నువ్వు ఆ గౌనుతో మెట్లు దిగితే నేను ఆ నిమిషమే జ్వోల్లెలో నా ఇంటికి వెళ్ళిపోతాను."

హర్మెన్ కూతురివైపు చూశాడు. తొమ్మిది రోజులుగా పొద్దున్నే తన మాత్రలు లెక్కపెట్టి ఇస్తున్న పిల్ల. అది వెళ్ళిపోతే మళ్ళీ వస్తుందో రాదో. వంతెన మీద ఎన్ని తుపానులు చూసినా అతనికి ఇంత భయం వెయ్యలేదు.

"నువ్వు వెళ్తే నాకు ఏడుపొస్తుంది," అన్నాడు చివరికి. "అయినా దిగుతాను."

నింకె గిరుక్కున తిరిగి తన గదిలోకి వెళ్ళింది. పెట్టె తెరిచిన చప్పుడు వినిపించింది.

ఆలీదా గుప్పెట విప్పి పిన్నీసులు తీసింది. మెడ దగ్గర రెండు అంచులనూ కలిపి, కోత గీతకు గుచ్చుకోకుండా తన వేలు అడ్డం పెట్టి, పిన్నీసు పెట్టింది.

"క్యాలెండరులో ఎందుకు రాశావు?" అన్నాడు హర్మెన్ మెల్లగా.

"డాక్టరు ఫోన్ చేసి గుండె కొట్టుకుంటోంది అన్నాడు. ఆ సంతోషంలో పెన్ను తీసుకుని రాసేశాను. ఇంటికి ఇద్దరూ రావాలనిపించింది."

"అక్కడ వచ్చేపోయేవాళ్ళంతా చదువుతారని తోచలేదా?"

ఆలీదా పిన్నీసు సరిగ్గా ఉందో లేదో మరొకసారి చూసింది.

*

మూడు కొట్టేసరికి ముందుగదిలో కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. కర్టెన్లు బార్లా తీసి ఉన్నాయి. మార్చి ఎండ పలచగా నేలమీద పడుతోంది.

నింకె కోటు తొడుక్కుని, పెట్టె పట్టుకుని నడవాలోకి వచ్చేసరికి తలుపులో ఫొకెమా దంపతులు ఎదురయ్యారు. ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు, ఆవిడ మావైపు పద్ధతిగా బుగ్గలకు మూడు ముద్దులు పెట్టింది, వెనకనుంచి బూమ్‌స్ట్రా గారు "రా రా, నువ్వు అక్కడ కూర్చోవాలి, ఇంటిదానివి" అని మోచెయ్యి పట్టుకుంది. పుట్టినరోజు వలయంలో ఒకసారి కూర్చున్నాక మొదటి కేకు ముక్క తినకుండా లేవడం మావైపు జరగని పని. నింకె కోటుతోనే కూర్చుంది. పెట్టె కాళ్ళ దగ్గర పెట్టుకుంది.

ఆలీదా కాఫీ పోసింది. అందరూ మెట్లవైపు చూస్తున్నారు.

అడుగుల చప్పుడు వినిపించింది. నెమ్మదిగా, ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ ఆన్చి దిగే అడుగులు. నీలం గౌను అంచు కనిపించింది. తర్వాత నడుం ముడి. తర్వాత ముఖం.

హర్మెన్ గుమ్మంలో నిలబడ్డాడు. వెన్ను నిటారుగా ఉంది. ఆపరేషన్ తర్వాత ఆ మనిషి అంత నిటారుగా నిలబడటం ఆ వీధిలో ఎవరూ చూడలేదు.

ఫొకెమా కాఫీ కప్పు నోటిదాకా తీసుకెళ్ళి అక్కడే ఉంచేశాడు.

"హర్మెన్?" అంది బూమ్‌స్ట్రా గారు.

"అవును."

"మరి హర్మీనా?"

"అదీ నేనే."

"అయితే చెల్లెలు..."

"లేదు. ఎప్పుడూ లేదు. గురువారం గురువారం నేనే."

బూమ్‌స్ట్రా గారు పైనుంచి కిందిదాకా చూసింది. కింది నుంచి పైదాకా చూసింది. ఆవిడ తలలో ఏళ్ళనాటి లెక్కలన్నీ వరసగా తిరగబడుతున్నట్టు ముఖమే చెబుతోంది. మెల్లగా ఆలీదావైపు తిరిగింది.

"గురువారమంటే... నీ తలనొప్పి?"

"నాకు తలనొప్పి లేదు."

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ."

"ఇన్నేళ్ళు నీకు పుదీనా కషాయం కాచి తెచ్చానే! వానలో కూడా తెచ్చానే! ఆ కషాయం ఏం చేశావు?"

"నేను తాగేవాణ్ణి," అన్నాడు హర్మెన్. "చాలా బాగుండేది."

బూమ్‌స్ట్రా గారి పెదవులు బిగుసుకున్నాయి. నింకె పెట్టె పిడి పట్టుకుంది. ఇక ఈవిడ లేచి వెళ్ళిపోతుంది, ఆ వెనకే అందరూ వెళ్ళిపోతారు అనుకుంది. ఆవిడ లేచింది కూడా. కానీ తలుపువైపు నడవలేదు. బల్లమీది ట్యులిప్ పూలు తీసుకుని హర్మెన్ ఎదుటికి వెళ్ళింది.

"కషాయం సంగతి తర్వాత తేల్చుకుంటాను, వదిలిపెట్టను," అంది. "నేను పుట్టినరోజుకి వచ్చాను. పుట్టినరోజు మనిషి ఎదురుగా ఉంది. శుభాకాంక్షలు, హర్మీనా." ఆలీదావైపు తిరిగింది. "నీక్కూడా ఆలీదా. నీ మనిషి పుట్టినరోజుకి."

అంతే. ఆ వలయానికి ఒక పద్ధతి ఉంది, పద్ధతి మొదలయ్యాక ఆపడం ఎవరి తరమూ కాదు. ఫొకెమా గారి భార్య లేచి చెయ్యి కలిపింది. "నడుం దగ్గర బాగా కుదిరింది, ఎక్కడ కొన్నావు ఆలీదా?" అంది. ఫొకెమా లేచి, ఏం చెయ్యాలో తెలియక, చెయ్యి చాచాలా ముద్దు పెట్టాలా అని తటపటాయించి, చివరికి రెండూ చేసి ఎర్రబడి కూర్చున్నాడు.

కిటికీ పక్కనుంచి సైకిలుమీద ఎవరో వెళ్తూ లోపలికి చూశారు. హర్మెన్ వాళ్ళకు చెయ్యి ఊపాడు, భుజంకంటే పైకి ఎత్తకుండా. అతని ఒంట్లో ఎంత సంతోషం పొంగిందంటే, ఆ కోసి కుట్టిన ఎముక దాన్ని ఆపగలదా అని ఆలీదాకు దిగులేసింది.

"ఇంతకీ ఎన్నేళ్ళు నిండాయి?" అని అడిగింది బూమ్‌స్ట్రా గారు. పుట్టినరోజుకి వచ్చి అది అడక్కపోతే ఎలా?

"ముప్పై ఒకటి."

అందరూ అతని నెరిసిన తలవైపు చూశారు.

"ముప్పై ఒక్క ఏళ్ళ కిందట ఇదే రోజున మా ఆవిడకి చెప్పాను. వంటింట్లో. చెప్పేసి, పెట్టె సర్దుకోమంటుందని నిలబడ్డాను. ముందు అన్నం తిను అంది. హర్మీనా పుట్టింది ఆ రోజే."

అప్పుడు కోటులోంచి ఒక గొంతు వినిపించింది.

"అయితే నాకంటే మూడేళ్ళు చిన్నది."

నింకె నవ్వలేదు. కేకు పళ్ళెంవైపు చూస్తూ అంది. మొదట బూమ్‌స్ట్రా గారు పకపకా నవ్వింది, తర్వాత ఫొకెమా, తర్వాత అందరూ. హర్మెన్ నవ్వినా దగ్గినా కోతకు అడ్డం పెట్టుకోమని ఆసుపత్రివాళ్ళిచ్చిన దిండును గుండెకు గట్టిగా హత్తుకుని, నొప్పికి కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా ఆపుకోలేక నవ్వాడు. నింకె కోటు గుండీ ఒకటి విప్పింది. ఒకటే.

వీధి గంట మోగింది.

నవ్వులు ఒక్కసారి ఆగాయి. నడవా చివర మసక అద్దంలోంచి నల్ల టోపీ, వెడల్పు భుజాలు కనిపిస్తున్నాయి.

"గెర్బెన్," అంది ఆలీదా.

పక్కింటివాళ్ళు వేరు. గెర్బెన్ వేరు. ఇరవయ్యారేళ్ళు, మంచులో తుపానులో, ఒకే కాఫీ ఫ్లాస్కు పంచుకుని ఒకే మీట లాగినవాడు. అతనికి చెప్పని మాట హర్మెన్ దగ్గర ఇదొక్కటే ఉంది.

"నేను వెళ్ళి ముందు మెల్లగా చెప్పనా?" అంది బూమ్‌స్ట్రా గారు. ఆవిడ మెల్లగా చెప్పడమన్నది ఎవరూ ఎరుగరు.

"వద్దు. మీరంతా కూర్చోండి. తలుపు నేనే తీస్తాను."

హర్మెన్ లేచాడు. దిండు కుర్చీలో పెట్టాడు. నడవాలోకి నడిచాడు. గంట మళ్ళీ మోగింది. అతను గొళ్ళెం మీద చెయ్యి వేసేసరికి వెనకనుంచి గబగబా అడుగులు వచ్చాయి.

"నాన్నా, ఆగు."

అతను తిరగలేదు. ఇప్పుడు ఆపితే తాను ఆగిపోతాడేమోనని అతనికి భయం వేసింది.

"నాకు కోపం ఇంకా పోలేదు," అంది నింకె.

"తెలుసు."

"చాలా రోజులు పోదు."

"తెలుసమ్మా."

"వెనక మెడ దగ్గర కొట్టువాళ్ళ ధర చీటీ వేలాడుతోంది. ఇంతమంది చూశారు, ఒక్కరూ చెప్పలేదు." ఆమె మునివేళ్ళ మీద లేచి, తండ్రి భుజం పట్టుకుని, ఆ దారాన్ని పళ్ళతో పుటుక్కున తెంపింది. చీటీని కోటు జేబులో పెట్టుకుంది. పక్కకు వచ్చి, అతని మోచేతి కింద చెయ్యి వేసి నిలబడింది.

"ఇప్పుడు తియ్యి," అంది.